మైకు బావ చెప్పులు అమ్మిన వారం

మైకు బావ గొంతు ఊళ్లో అందరికీ తెలుసు, మనిషి మాత్రం ఎవరికీ తెలియదు. రైల్వే స్టేషన్లో పై అంతస్తున అద్దాల గది ఒకటుంది. అందులో కూర్చుని ఏ బండి ఎప్పుడొస్తుందో, ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, రాకపోతే ఎందుకు రాలేదో మైకులో చెప్పడం అతని ఉద్యోగం. అత్తారింటివాళ్లు పెళ్లయిన కొత్తలో చాటుగా మైకు బావ అనుకునేవారు. తర్వాత మొహమ్మీదే అనడం మొదలుపెట్టారు. ఇప్పుడైతే అసలు పేరు అడిగితే వాళ్లే ఓ క్షణం తడుముకుంటారు.

ఉద్యోగం చెడ్డదేం కాదు. ఎండ లేదు, వాన లేదు, నెత్తిమీద ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. ఉన్నదల్లా ఒకటే లోటు. ఇన్నేళ్ల సర్వీసులో అతను చెప్పిన ఒక్క మాటకీ ఎవరూ తిరిగి జవాబు చెప్పలేదు. చెప్పే వీలేదీ? మీట నొక్కడం, చెప్పడం, అదే మాట ఇంకోసారి చెప్పడం, మీట వదిలేయడం. కింద జనం సంబరపడ్డా, శాపనార్థాలు పెట్టినా అంతా అద్దాల అవతలే.

ఆ అలవాటుని స్టేషన్లోనే వదిలేసి ఇంటికొచ్చే మనిషైతే ఈ కథే ఉండేది కాదు. వదిలేయలేదు మహానుభావుడు. "స్నానానికి వెళుతున్నాను. స్నానానికి వెళుతున్నాను" అని రెండుసార్లు చెబితేగాని బకెట్టు ముట్టుకునేవాడు కాదు. ఏదైనా చెప్పబోయే ముందు కుడిచేతి బొటనవేలు దానంతటదే ఎక్కడో ఒకచోట నొక్కేది. బల్ల అంచు, తలుపు చెక్క, కుర్చీ చెయ్యి, ఏదీ దొరక్కపోతే భార్య భుజం. చెప్పడం అయిపోగానే వేలు తీసేసేవాడు. అంటే మాటలు ముగిసినట్టే. ఆవిడ నోరు తెరిచేసరికి ఇతను పేపర్లో ఉండేవాడు.

ఒకరోజు సాయంత్రం ఇంటికి ఆలస్యంగా వచ్చి, గుమ్మం దగ్గరే వేలు నొక్కి, "ఆలస్యమైంది" అని ప్రకటించాడు. భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"ముక్కూ మొహం తెలియని వాళ్లందరికీ పొద్దస్తమానం చింతిస్తున్నాం, చింతిస్తున్నాం అంటారు కదా, నాకెప్పుడైనా చింతించారా? సరే, అదీ వద్దు. నన్నో మాట అడిగి, జవాబు వచ్చేదాకా ఆగి ఎన్నాళ్లయిందో చెప్పండి చాలు."

మైకు బావ వేలు మళ్లీ తలుపు చెక్క మీదికి వెళ్లింది. నోరు తెరుచుకుంది. నిజంగానే గుర్తులేదు మరి. పెళ్లిచూపుల్లో ఏదో అడిగినట్టు లీలగా జ్ఞాపకం, దానికి జవాబు విన్నాడో లేదో అనుమానమే. ఆవిడ మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ కోపంగా వెళ్లినా బాగుండేది. మామూలుగా, రేపటి పనులు ఆలోచించుకుంటూ వెళ్లింది. అది చూసి అతనికి భయం వేసింది. ఈవిడ జవాబు చెప్పడం మానేసిందని, ఇకమీదట అడిగినా చెప్పదేమోనని భయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే బావమరిది కొట్లో మనిషి మానేశాడు. స్టేషన్ ఎదురు వీధిలోనే చెప్పుల కొట్టు. బావమరిది తమాషాకి అన్నాడు, బావా నువ్వు వస్తావా అని. మైకు బావ తమాషాకి అనుకోలేదు. చెప్పులు అమ్మడమంటే ఏమిటి? చిన్న పీట మీద కూర్చుని, ఎదుటి మనిషి పాదం చేతిలోకి తీసుకుని అడగడం. ఏ సైజు, ఏ రంగు, ఎక్కడ కరుస్తోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అడగడమే ఉద్యోగం. అడిగి అడిగి అలవాటైతే, ఆ అలవాటుతోనే ఇంటికి రావచ్చు. మైకు ఇంటికి రాగా లేంది, పీట రాకపోతుందా?

బావమరిది మాత్రం తెలివైనవాడు.

"ఉన్న ఉద్యోగం వదిలేసి రాకు బావా. ఓ వారం సెలవు పెట్టి చేసి చూడు. ఆదివారం సాయంత్రానికి ఏదో ఒకటి చెప్పెయ్యి, ఇంకో మనిషి కూడా అడుగుతున్నాడు. నచ్చితే రాజీనామా, నచ్చకపోతే మనం బావాబావమరుదులుగానే ఉందాం."

భార్యతో కూడా చెప్పాడు, వారంలో అడిగే మనిషినైపోతానని. ఆవిడ చూద్దాం అంది. ఆ చూద్దాంలో ఆశ ఎంతో, విసుగెంతో అతనికి తెలియలేదు. అడిగితే తెలిసేది, అడగలేదు.

స్టేషన్ మాస్టరుతో మోకాలి నొప్పి అని అబద్ధం చెప్పాడు. కూర్చుని చేసే ఉద్యోగానికి మోకాలితో ఏం పనయ్యా అని ఆయన అడిగాడు. అద్దాల గదికి మెట్లున్నాయి కదండీ అని మనవాడు కుంటుతూ రెండడుగులు వేసి చూపించాడు. స్టేషన్ మాస్టరు నవ్వి సంతకం పెట్టేశాడు. బెంగేం పెట్టుకోకు, నీ గొంతు కంప్యూటర్లో ఉందిగా, నువ్వు లేకపోయినా నువ్వుంటావు అన్నాడు. నిజమే. ఆ మధ్య ఎవరో వచ్చి బళ్ల పేర్లు, అంకెలు, ఆలస్యాలు, చింతించడాలు అన్నీ ముక్కలు ముక్కలుగా అతని చేత చదివించి రికార్డు చేసుకుపోయారు. గుమాస్తా ఎవరైనా మీటలు నొక్కితే చాలు, అతని గొంతు పలుకుతుంది. అప్పుడు గర్వంగా అనిపించింది. ఇప్పుడు మెట్లు దిగుతుంటే అంత గర్వంగా లేదు. కుంటడం మర్చిపోయి చకచకా దిగేశాడు కూడా.

మొదటిరోజు బావమరిది పని నేర్పాడు. చెప్పు తొడగాలి, ముందు భాగం వేలితో నొక్కి బొటనవేలు ఎక్కడుందో చూడాలి, ఎక్కడైనా కరుస్తోందా అని అడగాలి. అడిగాక నోరు మూసుకోవాలి. సగం వ్యాపారం ఆ నోరు మూసుకోవడంలోనే ఉందని మరీ మరీ చెప్పాడు.

నొక్కడం మాత్రం మైకు బావకి వెన్నతో పెట్టిన విద్య. ఎన్నేళ్లుగా నొక్కుతున్న వేలది. మొదట వచ్చిన లావుపాటి పెద్దమనిషి కాలికి నల్లబూటు తొడిగి, ముందు భాగం మీద వేలు పెట్టి ఇలా నొక్కాడో లేదో, గొంతు మోగింది.

"దయచేసి గమనించండి. ఇదే జతలో పెద్ద సైజు మరికొద్ది సేపట్లో లోపలినుంచి వచ్చును. ఎడమకాలిది కొంత ఆలస్యం కావచ్చును. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

పెద్దమనిషి ఉలిక్కిపడి చేతిసంచీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. కొట్లో ఉన్న మిగతావాళ్లు గుమ్మం వైపు చూశారు. బావమరిది అట్టపెట్టె మూత మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మూత చాలాసేపు ఊగింది.

మర్నాడు కొంత నయం. అసౌకర్యం, విజ్ఞప్తి లాంటి మాటలు నాలిక చివర దాకా వచ్చి ఆగాయి. అయితే అసలు రోగం అప్పుడు బయటపడింది. ఎక్కడైనా కరుస్తోందా అని అడిగేవాడు, ఎదుటివాళ్ల పెదవి కదిలేలోపే "కరవదు, సాగుతుంది" అని తనే జవాబు చెప్పేసేవాడు. ఓ పంతులమ్మ చిటికెన వేలి దగ్గర బిగుతుగా ఉందని మొదలుపెట్టి, అతను మాట్లాడుతూనే ఉండటంతో పాత చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. తోలు ఎంత మెత్తనో వివరిస్తున్నవాడు తలెత్తి చూస్తే పీట ఎదురుగా కుర్చీ ఖాళీ. ఇదేం నోరురా దేవుడా అని తన మీద తనకే ఒళ్లు మండింది.

ఇంకో చిన్న ఆశ కూడా ఉండేది అతనికి. గొంతు వినగానే ఎవరైనా గుర్తుపడతారని. అయ్యో మీరా, మీ గొంతు వింటే చాలు ధైర్యంగా ఉంటుందండీ అంటారని. రోజులు గడిచినా ఎవరూ గుర్తుపట్టలేదు. ఆగలేక ఒకాయనతో తనే చెప్పుకున్నాడు, స్టేషన్లో మైకులో చెప్పేది నేనేనండీ అని. అవునా, నేనసలు విననండీ, బోర్డు చూసుకుంటాను అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

వారం మొత్తం మీద అతను అమ్మింది ఒక్క జత. అది కూడా సొంత భార్యకి. ఆవిడ ఆదివారం అక్కగారి ఊరికి వెళ్లాల్సి ఉంది. అక్కకి కంటి ఆపరేషన్. ప్రయాణానికి ఏవో కొనుక్కుని తిరిగివెళుతూ కొట్లోకి వచ్చింది. మైకు బావ ఛాతీ విప్పారింది. ఆవిణ్ని కూర్చోబెట్టి, మడమకి పట్టీ ఉన్న ఎర్రజత ఒకటి తెచ్చి స్వయంగా తొడిగి, వేలితో నొక్కాడు.

ఆవిడ, "కొంచెం మడమ దగ్గర..." అంది.

"సర్దుకుంటాయి. రెండు రోజుల్లో సర్దుకుంటాయి" అన్నాడు, రెండుసార్లు. అంటూనే ఆవిడ పాతచెప్పులు పెట్టెలో పెట్టి మూత వేసి అటక మీదికి ఎక్కించేశాడు. ఆవిడ తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు కప్పు వైపు చూశాడు. ఆవిడ కొత్తచెప్పులతోనే వెళ్లిపోయింది.

మా అక్కకి, అంటే నీ పెళ్లానికి, అమ్మింది కూడా అమ్మకం కిందే వేసుకుంటావా బావా అని బావమరిది అడిగాడు. వేసుకుంటాను అన్నాడు మైకు బావ. వేసుకోకపోతే వేసుకోవడానికి ఇంకేముంది కనక.

ఆదివారం మధ్యాహ్నం భార్యని బండెక్కించడానికి స్టేషన్‌కి వెళ్లాడు. స్టేషన్ మాస్టరు కనిపిస్తే ఎందుకైనా మంచిదని గేటు దగ్గర్నుంచే కుంటడం మొదలుపెట్టాడు. ఏ కాలు కుంటాలో ఎంత ఆలోచించినా గుర్తురాక చివరికి రెండూ వంతులేసుకుని కుంటాడు. పక్కన ఆవిడ కూడా కుంటుతోందని అతను చూసుకోలేదు. తన కుంటు ఎలా వస్తోందో చూసుకోవడంలోనే మునిగి ఉన్నాడు.

కింద ప్లాట్‌ఫారం మీద జనంలో నిలబడి తన గొంతు తను వినడం అతనికిదే మొదలు. ఎంత దర్జాగా ఉందో. ఎక్కడా తడబాటు లేదు, దగ్గు లేదు. చొక్కా కాలరు సర్దుకున్నాడు. అంతలో ఆవిడ ఎక్కాల్సిన బండి రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని ఆ గొంతు చెప్పింది. జనమంతా అక్కడే ఉన్నారు, కదలాల్సిన పనిలేదు.

మైకు బావ చెయ్యి మాత్రం కాలరు మీదే ఆగిపోయింది. ఆదివారాలు రెండో లైను మరమ్మతుకి ఇస్తే ఈ బండిని నాలుగుకి మళ్లిస్తారు. అటు చూస్తే సామాన్ల తోపుడుబళ్లన్నీ నాలుగు మీదున్నాయి. సిగ్నల్ కూడా అక్కడే పడింది. పైనున్న గుమాస్తా రోజూ నొక్కే మీటే నొక్కేసి ఉంటాడు. కుర్చీలో తనుంటే ఈ పొరపాటు జరిగేది కాదు. తనేమో మోకాలి నొప్పితో ఇంట్లో ఉన్నాడాయె.

"రెండు కాదు, నాలుగు. పద పద" అన్నాడు సంచీ ఎత్తుతూ.

"మీరేగా రెండంటున్నారు" అంది భార్య, గడ్డంతో పైకి స్పీకరు చూపించి.

"అది నేను కాదు."

"మీ గొంతు నాకు తెలియదా?"

పైనుంచి అతనే ఇంకోసారి చెప్పాడు, రెండో నంబరు అని. మైకు బావకి కంగారు పుట్టింది. బెంచీ వీపు మీద వేలు నొక్కి, "ప్రయాణికులకు విజ్ఞప్తి. బండి నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చును" అని గొంతెత్తాడు. కొందరు నవ్వారు. ఎవరో అచ్చం ఆయనలాగే చేస్తున్నాడే అని మెచ్చుకున్నారు. బెంచీ మీద సంచీలు సర్దుకుంటున్న ఒక ముసలాయనకి మాత్రం కోపం వచ్చింది.

"ఆ పెద్దమనిషి పైనుంచి అంత స్పష్టంగా చెబుతుంటే మధ్యలో నువ్వెవరు బాబూ? ఏళ్లుగా ఆయన మాట వింటున్నాను. ఒక్కసారైనా తప్పు చెప్పలేదు మహానుభావుడు."

వారమంతా ఎదురుచూసిన మెప్పు. వచ్చింది చివరికి. ఓ క్షణం నిజంగానే ఒళ్లు పులకరించింది కూడా, సిగ్గులేని ఒళ్లు. ఆ మహానుభావుణ్ని నేనేనండీ అని చెప్పాడు. ముసలాయన అతన్ని ఎగాదిగా చూసి, సంచీలు తన దగ్గరికి లాక్కున్నాడు.

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. తన గొంతుతో తను పోటీపడి ఓడిపోయాడు. వేలు బెంచీ మీంచి తీసేశాడు. భార్య వైపు వంగి, గొంతు బాగా తగ్గించి, మామూలుగా చెప్పాడు.

"పైవాడి మాట వినకు. ఈ ఒక్కసారికి నన్ను నమ్ము."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. ఈ గొంతు ఆవిడ విని చాలా కాలమైంది. లేచి వంతెన వైపు నడిచింది.

వంతెన మెట్లు సగం ఎక్కేసరికి ఆవిడ ఆగిపోయింది. కమ్మీ పట్టుకుని ఒక కాలు పైకెత్తి నిలబడింది. రా, ఇంకో నాలుగు మెట్లు అని అతను బతిమాలాడు. ఆవిడ పళ్లు బిగించి నాలుగు మెట్లూ ఎక్కింది, మళ్లీ ఆగింది. కొత్తచెప్పులు విప్పి చేత్తో పట్టుకునేలోపే బండి వచ్చింది, నాలుగో నంబరు మీదికే. ఆగింది, కదిలింది. వీళ్లు వంతెన మధ్యలో ఉండగా చివరి పెట్టె కాళ్ల కిందనుంచి వెళ్లిపోయింది. అవతల రెండో నంబరు మీద ముసలాయన, ఆయనతోపాటు ఓ గుంపు, ఖాళీ పట్టాల వైపు వంగి చూస్తున్నారు. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము అంది గొంతు.

మైకు బావకి అప్పుడు అంతా తెలిసింది. తప్పు ప్లాట్‌ఫారం చెప్పింది తన నోరు. తప్పు చెప్పులు తొడిగింది తన చెయ్యి. మైకు వదల్లేదు, పీట అబ్బలేదు, రెండూ కలిసి ఒక్క మనిషినే ముంచాయి. లోకంలో ఇంతమంది ప్రయాణికులుండగా, ఇన్ని పాదాలుండగా, ఆ మనిషి భార్యే కావాలా? తిట్టుకుందామంటే అంత పెద్ద తిట్టు కూడా తోచలేదు.

నాలుగో నంబరు మీద బెంచీ ఉంటే ఆవిణ్ని కూర్చోబెట్టాడు. ఎదురుగా గొంతుక్కూచుని పాదం తన మోకాలి మీద పెట్టుకున్నాడు. మడమ చర్మం లేచిపోయి ఉంది. రెండు రోజుల నుంచి ఈ పాదంతోనే ఇంట్లో తిరిగింది, తన ముందే తిరిగింది. వేలు దానంతటదే ముందుకు కదిలింది. దాన్ని మిగతా వేళ్లతో కలిపి గుప్పిట్లో మూసేశాడు.

"ఎక్కడ కరుస్తోంది?" అని అడిగాడు. నోరు మూసుకున్నాడు.

ఆవిడ జవాబు చెప్పలేదు. అలవాటు ప్రకారం అతనే చెప్పేస్తాడని చూస్తోంది. అతను చెప్పలేదు. మైకు ముందు ఎంతసేపైనా వాగగలిగిన నోరు, కాసేపు ఊరుకోవడానికి ఎంత కష్టపడిందో అతనికే తెలుసు.

"మడమ దగ్గర" అంది చివరికి. ఇంకాసేపు చూసింది. అతను ఇంకా వింటున్నాడని నమ్మకం కుదిరాక, మెల్లగా మొదలుపెట్టింది. కొన్నరోజే కరిచాయి, కొట్లోనే చెప్పబోయాను. అక్క ఆపరేషన్ సంగతి కూడా ఎన్నిసార్లు చెప్పబోయానో మీకు తెలియదు. మామూలు ఆపరేషన్ కాదట, చూపు వస్తుందో లేదో డాక్టర్లు గట్టిగా చెప్పడం లేదట. చిన్నప్పుడు నాకు జడ వేసేది అదే. రేపు నా మొహం దానికి కనిపించకపోతే నేనేం చెయ్యాలి? ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది. మీరూ వస్తారేమోనని వారం నుంచి అనుకుంటున్నాను.

"ఏమయ్యా, మోకాలు నయమైందా?"

స్టేషన్ మాస్టరు. మోకాలు మడిచి కూర్చున్నవాడి నెత్తిమీద నిలబడి ఉన్నాడు. అవతల జనం ఆఫీసు గది తలుపులు బాదుతున్నారని, మిషను మళ్లీ మళ్లీ చింతిస్తోందే తప్ప ఏం జరిగిందో చెప్పలేకపోతోందని, పైకొచ్చి నాలుగు మాటలు సర్దిచెబితే సెలవు సంగతి, మోకాలి సంగతి మర్చిపోతానని అన్నాడు. ఆయన మాట ముగిసేలోపే జేబులో ఫోన్ మోగింది. బావమరిది. సాయంత్రం కావస్తోంది మరి.

భార్య పాదం వెనక్కి తీసుకోబోయింది. అతను వదల్లేదు.

"ఒక్క నిమిషం ఆగండి సార్, వస్తాను" అన్నాడు. ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "ఒరేయ్, మీ అక్క పాతచెప్పులు అటక మీదున్నాయి. అవి పట్టుకుని స్టేషన్‌కి రా. నాలుగో నంబరు."

"పాతవెందుకు? మరి నువ్వు అమ్మిన జత?"

"వాపసొస్తోంది."

అవతల బావమరిది నవ్వు ఆపుకుంటున్నాడని ఇవతలికి తెలుస్తూనే ఉంది. తర్వాత, పోనీలే గాని ఉద్యోగం సంగతి ఏం చేశావు బావా అని అడిగాడు.

"అది తర్వాత చెబుతాను. ఇప్పుడు మీ అక్క మాట్లాడుతోంది" అన్నాడు మైకు బావ. ఫోన్ జేబులో పెట్టుకుని, ఆవిడ వైపు తిరిగి, "నేనూ రానా?" అని అడిగి, జవాబు కోసం అలాగే గొంతుక్కూచున్నాడు.